కుండీలో నూరువరహాలు: చిగురు పసుపు, పాత ఆకులపై మచ్చలు, పూత లేదు (చెన్నై)

కొళత్తూరు_మిద్దె అడిగారు:

అందరికీ నమస్కారం. మా మిద్దె మీద ఆరు నూరువరహాల మొక్కలున్నాయి. (ఇక్కడి నర్సరీల్లో ఇట్లిపూ అని అడిగితేనే చూపిస్తారు.) నాలుగు పొడుగు ఎర్ర రకం, రెండు పొట్టి పసుపు రకం. పొడుగువి 14 అంగుళాల సిమెంటు కుండీల్లో, పొట్టివి అదే సైజు నల్ల ప్లాస్టిక్ కుండీల్లో ఉన్నాయి. ఎండ ఉదయం నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా తగులుతుంది.

మట్టి: ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, ఇసుక సమపాళ్లు. నెలకోసారి కుండీకి గుప్పెడు ఎముకల పొడి, అప్పుడప్పుడు గుడ్డుపెంకుల పొడి, వారానికోసారి డికాక్షన్ తీసేసిన కాఫీ పొడి వేస్తున్నాను. నీళ్లు బోరువి, టీడీఎస్ మీటర్ 900 దగ్గర చూపిస్తుంది. కుళాయి మూతికి, కుండీ అంచులకి తెల్లగా పేరుకుంటోంది.

సమస్య ఇది. కొత్తగా వచ్చే ఆకులు నిమ్మపండు రంగులో వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటున్నాయి. సిమెంటు కుండీల్లో ఇది మరీ ఎక్కువ. కింది పాత ఆకుల మీద ముదురు ఎరుపు, గోధుమ రంగు మచ్చలు వచ్చి రాలిపోతున్నాయి. గుబురుగా ఉండాలని రెండు మూడు వారాలకోసారి పైన సమంగా కత్తిరిస్తున్నాం, కానీ పూగుత్తులు దాదాపు లేవు. అన్నభేది (ఐరన్ సల్ఫేట్) ఒక చెంచా మట్టిలో కలిపినా మార్పు లేదు. ఇంకా ఎక్కువ వేయాలా? మొక్కలు మార్చేయాలా?

---

వేరుతీరు:

మొక్కలు మార్చనక్కర్లేదండి, అన్నభేది పెంచనూ వద్దు. మీరు చెప్పినవి రెండు వేరు వేరు లోపాలు. వాటిని కలిపి చూస్తే మందు తప్పుతుంది.

చిగురు పసుపై ఈనెలు పచ్చగా మిగలడం ఇనుము అందకపోవడం వల్ల. ఇనుము ఒకసారి ఆకులో చేరాక అక్కణ్ణుంచి కదలదు, అందుకే కొరత కొత్త ఆకులోనే బయటపడుతుంది. పొటాష్ అలా కాదు. తక్కువైనప్పుడు మొక్క దాన్ని పాత ఆకుల్లోంచి లాగి చిగురుకి పంపుతుంది. అందువల్ల పాత ఆకులు మచ్చలు పడి రాలతాయి. నూరువరహాల్లో పాత ఆకుల ఎర్రమచ్చకి పొటాష్ లోపం, భాస్వరం లోపం రెండూ కారణం కావచ్చు. మీరు ఎముకల పొడి దండిగానే వేశారు కాబట్టి ముందు పొటాష్‌నే చూడాలి.

ఇనుము అందడం లేదంటే మట్టిలో లేదని అర్థం కాదు. ఎర్రమట్టికి ఆ ఎరుపు ఇనుము వల్లే వచ్చింది. పీహెచ్ (మట్టి పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 దాటిన మట్టిలో అది కరగదు, వేరు తీసుకోలేదు. నూరువరహాలు దక్షిణ భారతానికి, శ్రీలంకకి చెందిన మొక్క. వానలు సున్నాన్ని కడిగేసిన పుల్లటి ఎర్ర నేలలకి అలవాటు పడింది. పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది, 6.5 దాటితే సణుగుడు మొదలవుతుంది. సున్నం ఉన్న మట్టిలో మీరు వేసిన అన్నభేది త్వరగా తుప్పుగా మారిపోతుంది. చెంచాకి బదులు గరిటె వేసినా అంతే.

మీ కుండీల్లోకి సున్నం నాలుగు దారుల్లో వస్తోంది: బోరు నీళ్లు, సిమెంటు కుండీ గోడ, ఎముకల పొడి, గుడ్డుపెంకులు. ఎముకల పొడిలో ఉండేది కాల్షియం ఫాస్ఫేట్. అది పీహెచ్‌ని పైకి నెడుతుంది, అదనపు భాస్వరం ఇనుముని కట్టిపడేస్తుంది. అది, పెంకులు రెండూ ఇవాళే ఆపేయండి. వంటింటి బూడిద కూడా ఈ మొక్కకి పనికిరాదు. కాఫీ పొడి పుల్లదనం ఇస్తుందని చాలామంది నమ్ముతారు గానీ, డికాక్షన్ దిగాక మిగిలిన పిప్పిలో ఆమ్లం పెద్దగా ఉండదు. కంపోస్టులో వేసుకోండి. కుండీ మీద మందంగా పరిస్తే అట్టకట్టి నీళ్లు లోపలికి దిగవు.

ఒక చిన్న పరీక్ష: కుండీ అంచు పక్కన మట్టి ఒక చెంచా తీసి బాగా ఆరబెట్టి, దాని మీద వంటింటి వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే మట్టిలో సున్నం ఉన్నట్టే. ఆ మట్టిని బాగుచేయడం కంటే మార్చడమే సులువు. నురగ రాకపోతే మట్టి ఒక వంతు, ఏసీ నుంచి కారే నీళ్లు రెండు వంతులు కలిపి అరగంట ఉంచి, పైన తేరిన నీళ్లలో పీహెచ్ స్ట్రిప్ ముంచి చూడండి.

ఈలోగా మొక్క కోలుకోవడానికి ఐరన్ ఈడీడీహెచ్ఏ (6 శాతం ఇనుము ఉన్నది) కొనండి. ప్యాకెట్ మీద ఈడీటీఏ అని ఉంటే వద్దు. ఈడీటీఏ రకం పీహెచ్ సుమారు 6.5 దాటితే ఇనుముని వదిలేస్తుంది, ఈడీడీహెచ్ఏ సున్నపు మట్టిలో కూడా పట్టి ఉంచుతుంది. ధర ఎక్కువే, కానీ మీ పరిస్థితికి పనిచేసేది అదే. కుండీకి 2 నుంచి 3 గ్రాములు రెండు లీటర్ల నీళ్లలో కలపండి, దానిమ్మ రసం రంగు వస్తుంది. సాయంత్రం, మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు పోసి, పైన ఒక మగ్గు మామూలు నీళ్లు పోయండి. వెలుతురుకి అది చెడిపోతుంది కాబట్టి మట్టి పైన నిలవకూడదు. రెండు మూడు వారాల్లో వచ్చే చిగురు పచ్చగా ఉంటే దారి సరైందే. ఇప్పటికే బాగా తెల్లబోయిన ఆకులు పూర్తిగా తిరిగి రావు.

అన్నభేదిని మట్టిలో కాక ఆకుల మీద వాడుకోవచ్చు. లీటరుకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అని వేరుశనగ రైతులకి చెప్పే మోతాదు ఉంది. కుండీలోని లేత చిగురుకి అది ఘాటు, 3 గ్రాములతో మొదలుపెట్టండి. నిమ్మ ఉప్పు ముందు కరిగించి, తర్వాత అన్నభేది వేయాలి. అప్పటికప్పుడు కలిపి సాయంత్రం కొట్టాలి. ద్రావణం లేత ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకి తిరిగితే పారబోయండి. వారం పది రోజుల తేడాతో మూడుసార్లు చాలు. గచ్చు మీద, గోడ మీద పడితే తుప్పు మరక పోదు, కింద గోనె పరచండి.

పొటాష్‌కి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ (0-0-50) లీటరుకి 3 గ్రాములు, కుండీకి లీటరున్నర, నెలకోసారి. ఎర్రగా చౌకగా దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వద్దు, అందులో క్లోరైడ్ ఉంటుంది. మీ నీళ్లలో ఉప్పు ఇప్పటికే ఎక్కువ.

---

నీటిలెక్క:

వేరుతీరు గారు చెప్పినదంతా సరే. నీటి సంగతి మాత్రం ఇంకొంచెం లోతుగా చూడాలి. చెన్నైలో నూరువరహాలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

టీడీఎస్ మీటర్ మొత్తం కరిగిన లవణాలని చూపిస్తుంది, అవి ఏ లవణాలో చెప్పదు. 900 టీడీఎస్‌లో బైకార్బొనేట్ ఎక్కువుంటే పీహెచ్ పెరిగి చిగురు పసుపవుతుంది. సోడియం, క్లోరైడ్ ఎక్కువుంటే ఆకు కొసలు, అంచులు మాడతాయి. తిరువాన్మియూరు, అడయారు లాంటి సముద్రం పక్క ఇసుక ప్రాంతాల బోర్లలో రెండోదాని బెడద చూడాలి. మీది ఏదో తెలియాలంటే క్షారత (నీళ్లలోని బైకార్బొనేట్ మోతాదు) కొలవాలి.

మీరున్నది కొళత్తూరే కదా, రంగు చేపల దుకాణాలకి పేరున్న చోటు. అక్కడ అక్వేరియం షాపులో కేహెచ్ టెస్ట్ కిట్ అడగండి. 5 మిల్లీలీటర్ల నీళ్లలో చుక్కలు వేస్తూ లెక్కపెట్టాలి. నీలం రంగు పసుపుగా మారేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు (చాలా కిట్లలో ఇదే లెక్క, పెట్టె మీద చూసుకోండి). ఒక డిగ్రీ అంటే లీటరుకి 17.9 మిల్లీగ్రాముల సున్నపురాయితో సమానం. కొలిచి ఇక్కడ రాయండి, మిగతా లెక్క చేద్దాం.

ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. చెన్నై ఉక్కపోత రోజుల్లో ఒక రాత్రికి బకెట్ దాకా వస్తాయి. పారబోయకుండా పట్టుకోండి. వాన నీళ్లు ఇంకా మంచివి. తమిళనాట 2003 నుంచి ఇంటింటా వాననీటి సేకరణ తప్పనిసరి కాబట్టి మిద్దె నీళ్లు దిగే పైపు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. దాని కింద ఒక డ్రమ్ము పెట్టి మూత వేస్తే చాలు. మొదటి వాన నీళ్లు వదిలేయండి, మిద్దె మీది సున్నం, దుమ్ము దాంతో పోతాయి. ఆర్వో నుంచి బయటికి వదిలే నీళ్లు మాత్రం ఈ మొక్కకి ఎప్పుడూ వద్దు, బోరులోని ఉప్పంతా అందులో చిక్కబడి ఉంటుంది.

మెట్రో వాటర్ సాధారణంగా బోరు కంటే నయం. అయినా నమ్మి వదిలేయకండి. పుళల్, పూండి, చెంబరంబాక్కం చెరువుల నీళ్లు, కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో పూండికి వచ్చే కృష్ణా నీళ్లు, వీరాణం నీళ్లు, మీంజూరు, నెమ్మేలిలో శుద్ధి చేసిన సముద్రపు నీళ్లు, వీటిలో ఏది ఎప్పుడు ఏ పేటకి వస్తుందో కాలాన్ని బట్టి మారుతుంది. రెండు మూడు నెలలకోసారి కొలిచి చూడండి.

---

కొళత్తూరు_మిద్దె:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండి. కిట్ తెచ్చి చూశాను. బోరు నీళ్లకి 16 చుక్కలకి రంగు మారింది, ఏసీ నీళ్లకి మొదటి చుక్కకే మారింది. వెనిగర్ పోస్తే సిమెంటు కుండీల అంచు మట్టి నురగ వచ్చింది, ప్లాస్టిక్ కుండీల మట్టి రాలేదు. స్ట్రిప్‌లో ప్లాస్టిక్ కుండీల పీహెచ్ 7కి కాస్త పైన.

నిమ్మ ఉప్పు కలిపి బోరు నీళ్లే పోయవచ్చా? ఎంత కలపాలి? ఆకు కొసలు మాడటం అక్కడక్కడా ఉంది, ఎక్కువగా లేదు.

---

నీటిలెక్క:

16 డిగ్రీలంటే లీటరుకి సుమారు 286 మిల్లీగ్రాములు. రోజుకి రెండు లీటర్లు పోస్తే ఒక్కో కుండీలోకి రోజూ అర గ్రాము పైన, నెలకి 17 గ్రాముల సున్నపురాయి పోసినట్టు. 25 లీటర్ల మట్టికి ఇది చాలా ఎక్కువ. మంచి మట్టితో మొదలుపెట్టినా ఏడాది తిరక్కుండా పీహెచ్ ఎందుకు ఎక్కుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

నిమ్మ ఉప్పు లెక్క: తగ్గించాల్సిన ఒక్కో డిగ్రీకి పది లీటర్లకి సుమారు 0.3 గ్రాములు. 16 నుంచి 4కి దించాలంటే 12 డిగ్రీలు, అంటే పది లీటర్లకి 3.6 గ్రాములు, ఇరవై లీటర్ల బకెట్‌కి 7 గ్రాముల చిల్లర. చెంచాలతో కాక చిన్న కాటాతో తూచండి. కలిపాక స్ట్రిప్‌తో చూస్తే 6 దగ్గర రావాలి. 5కి దిగితే ఎక్కువైనట్టు.

దీనికి ఒక పరిమితి ఉంది, అది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. నిమ్మ ఉప్పుని మట్టిలోని సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లో తినేస్తాయి. ఆ తర్వాత కాల్షియంతో పాటు బైకార్బొనేట్ మళ్లీ తయారవుతుంది. కాబట్టి పోసిన రోజు ఇనుము కాస్త కరగడానికి సాయపడుతుంది గానీ, సున్నం చేరడాన్ని శాశ్వతంగా ఆపదు. అప్పుడప్పుడు వాడుకోండి, దాని మీదే ఆధారపడకండి. కార్ల బ్యాటరీల యాసిడ్ వాడమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, ఇంట్లో ఆ పని అస్సలు వద్దు. చేతులు, కళ్లు పోతాయి. వాడిన బ్యాటరీదైతే అందులో సీసం కూడా ఉంటుంది.

నిలబడే పద్ధతి ఇది. బోరు నీళ్లు సగం, ఏసీ లేదా వాన నీళ్లు సగం కలపండి. క్షారత 8 డిగ్రీలకి వస్తుంది, నెలకి కుండీలో చేరే సున్నం ఎనిమిదిన్నర గ్రాములకి తగ్గుతుంది. మిగిలిన దాన్ని అమ్మోనియం సల్ఫేట్‌తో చంపవచ్చు. అందులోని అమ్మోనియా నత్రజనిని మట్టిలోని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక గ్రాము అమ్మోనియం సల్ఫేట్ సుమారు 1.1 గ్రాముల సున్నపురాయిని హరిస్తుంది. అంటే నెలకి 8 గ్రాములు వేస్తే మీ లెక్క సరిపోతుంది. పదిహేను రోజులకోసారి 4 గ్రాములు, రెండు లీటర్ల నీళ్లలో కరిగించి, తడి మట్టిలో పోయండి. మొక్కకి నత్రజని కూడా దీంతోనే అందుతుంది, కాబట్టి వేరే యూరియా, డీఏపీ వద్దు. సగం నీళ్లు మార్చకుండా అమ్మోనియం సల్ఫేట్ రెట్టింపు చేద్దామని మాత్రం అనుకోకండి. ఉప్పు పెరిగి వేర్లు మాడతాయి, మొక్క ఆకుగా పెరిగి పువ్వు తగ్గుతుంది.

కొసలు మాడటానికి: నీళ్లు పోసిన ప్రతిసారీ అయిదో వంతు కింది కన్నంలోంచి బయటికి పోవాలి. కింద పళ్లెం పెట్టి ఆ నీళ్లు మళ్లీ పీల్చుకోనిస్తే ఉప్పు అక్కడే తిరుగుతుంది. నెలకోసారి పది లీటర్ల ఏసీ నీళ్లు నిదానంగా పోసి కడగండి. ఎరువు ఆ మర్నాడు వేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం ఈ పని తనే చేస్తుంది, కానీ పొటాష్, నత్రజని కూడా దాంతోనే కొట్టుకుపోతాయి. డిసెంబరు ఆఖర్లో పొటాష్ ఒక విడత తప్పక వేయండి.

---

వేరుతీరు:

నిమ్మ ఉప్పు గురించి నీటిలెక్క గారి మాటతో ఏకీభవిస్తాను.

సిమెంటు కుండీలు మార్చేయండి. కొత్త సిమెంటు కుండీని వారాల తరబడి నీళ్లలో నానబెడితే సున్నం కారడం తగ్గుతుంది, ఆగదు. కుండీల అందం వదులుకోలేకపోతే వాటిలో ప్లాస్టిక్ కుండీని దించి పెట్టుకోండి, అడుగున రెండు ఇటుక ముక్కలు వేస్తే నీళ్లు నిలవవు. నేలలో నాటేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. ప్రహరీ గోడని ఆనుకుని నాటిన నూరువరహాల వరుస పసుపు పచ్చగా ఉండటం ఊరంతా చూస్తూనే ఉంటాం. ఇల్లు కట్టినప్పుడు పడ్డ సిమెంటు, సున్నం పెచ్చులు ఆ గోడ పక్కనే పూడి ఉంటాయి. కనీసం మూడడుగులు జరిపి నాటాలి. కొళత్తూరు, కేకే నగర్ వైపు నేల బంకమన్ను కాబట్టి గుంతలో నీళ్లు నిలుస్తాయి, అక్కడ అడుగెత్తు మడి కట్టి పైన నాటడం మేలు.

14 అంగుళాల కుండీకి మట్టి, 25 లీటర్లకి: ఎర్రమట్టి 10 లీటర్లు, కడిగిన కోకోపీట్ 8, బాగా మాగిన ఆకుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ 4, పెర్లైట్ లేదా గరుకు నది ఇసుక 3. ఇసుకలో గవ్వల ముక్కలు కనిపిస్తే వాడకండి, అదీ సున్నమే. కోకోపీట్‌ని రెండు మూడు నీళ్లలో కడిగి పిండండి, కొన్ని ఇటుకల్లో ఉప్పు బాగా ఉంటుంది. ఇందులో వేపపిండి 100 గ్రాములు, నీటిలో కలిసే పొడి రకం గంధకం (80 శాతం) 15 గ్రాములు కలపండి. గంధకం వెంటనే పనిచేయదు. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చడానికి వెచ్చదనం, తేమ, గాలి మూడూ కావాలి, వారాలు పడుతుంది. ఎండిన మట్టిలో అది అలాగే ఉండిపోతుంది. నీళ్లు నిలిచిన మట్టిలో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. రెండు మూడు నెలల తర్వాత పీహెచ్ చూసి, 6.5 పైన ఉంటేనే ఇంకో 10 గ్రాములు పై మట్టిలో గీరి కలపండి. మీ ప్లాస్టిక్ కుండీల మట్టి మార్చక్కర్లేదు, ఈ 10 గ్రాములు ఇప్పుడు వేసి, నీళ్లు మార్చండి చాలు.

మార్చే సమయం జూన్ చివర నుంచి ఆగస్టు, లేకపోతే జనవరి చివర. మే నెల కత్తెర ఎండల్లో వేరు కదిలిస్తే కోలుకోదు. నవంబరు ముసురులో మారిస్తే కొత్త మట్టి బురదై వేరు కుళ్లుతుంది. ముందురోజు బాగా తడపండి. బయటికి తీశాక ముద్దకి చుట్టూ ఉన్న మట్టిని మూడో వంతు దాకా వేళ్లతో రాల్చండి, మీ విషయంలో సున్నం పట్టింది ఆ అంచు మట్టికే. సన్నటి పీచు వేర్లని దువ్వెనతో దువ్వినట్టు లాగకండి, ఈ మొక్క వేర్లు పైపైనే ఉంటాయి, తెగితే చాలాకాలం అలిగి కూర్చుంటుంది. కడియం వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కలకి చాలాసార్లు వేర్ల చుట్టూ బంకమన్ను ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే తేలిక మట్టిలో పెడితే నీళ్లు పక్కనుంచి జారిపోయి ముద్ద లోపల పొడిగా ఉంటుంది. అలాంటిదాన్ని బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి పై మన్ను వదిలేలా చేసి నాటాలి. పాత లోతుకే పెట్టండి, కాండం మొదలు పూడ్చకండి. పది పన్నెండు రోజులు నీడలో, తర్వాత మెల్లగా ఎండలోకి. ఆ పది రోజులూ ఎరువు ఏదీ వద్దు.

---

పూలగుత్తి:

పూత సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. మీ మొక్కలు పూయకపోవడానికి పీహెచ్ సగం కారణం, కత్తెర మిగతా సగం.

నూరువరహాలు పూసేది కొత్త కొమ్మ కొసనే. పక్క కణుపుల్లో పూయదు. మీరు రెండు మూడు వారాలకోసారి పైన సమంగా కత్తిరిస్తున్నారు, అంటే గుత్తి తయారవ్వాల్సిన కొసనే ప్రతిసారీ తీసేస్తున్నారు. కొస తుంచాక పక్క చిగుర్లు వచ్చి, అవి ముదిరి, వాటి కొసన గుత్తి కట్టి విచ్చడానికి వెచ్చని నెలల్లో ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మీది ఆలోపే మళ్లీ కోతకి గురవుతోంది. పార్కుల్లో కంచెలా కత్తిరించిన వరుసలు ఆకుగా నిగనిగలాడుతూ పువ్వు లేకుండా ఉండేది ఇందుకే. గుబురు కావాలంటే కోత ఆపాలని కాదు, కోతకీ కోతకీ మధ్య పూత ఒకటి పూర్తవ్వనివ్వాలి.

పద్ధతి: గుత్తి వాడిపోగానే దాని కింద ఒకటి లేదా రెండు జతల ఆకులు కలిపి కణుపుకి కాస్త పైన కోయండి. ఒక్క కొస స్థానంలో రెండు వస్తాయి, వచ్చే పూతకి గుత్తులు పెరుగుతాయి. గట్టి కోత ఏడాదికి ఒక్కసారి చాలు, జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో. మొత్తం ఎత్తులో మూడో వంతుకి మించి తీయకండి. బాగా ముదిరిన మొక్కని సగానికి దించాలంటే కొమ్మలన్నీ ఒకేసారి కాకుండా ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం. పసుపు తిరిగి నీరసంగా ఉన్న మొక్కకి గట్టి కోత వద్దు, ముందు ఆకు పచ్చబడాలి. అందుకని మీరు ఈ రెండు నెలలు కత్తెర పక్కన పెట్టండి.

పొట్టి రకాలు వాటంతటవే గుబురుగా ఉంటాయి, ఎండిన గుత్తులు తీస్తే సరిపోతుంది. పొడుగు ఎర్రదాన్ని రెండడుగుల్లో ఉంచాలని చూడటం దాని స్వభావానికి ఎదురెళ్లడమే, నాలుగడుగులైనా వదలండి.

మొగ్గ కట్టి విచ్చకుండా రాలితే, మే నెలలో చాలావరకు అది వేడి వల్ల. నల్ల ప్లాస్టిక్ కుండీ పడమటి ఎండకి కాలుతుంది, అంచు వేర్లు చస్తాయి. కుండీలని గచ్చు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద ఎత్తండి, పక్కకి తెల్ల గోనె చుట్టండి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా మధ్యాహ్నం ఎండకి 35 శాతం పచ్చ నీడవల కట్టండి. 75 శాతం వల కడితే పూత పోతుంది. నీళ్లు పొద్దున్నే పోయాలి, ఆ నెలలో సాయంత్రం కూడా వేలు ఒక అంగుళం గుచ్చి పొడిగా ఉంటే పోయాలి. మొగ్గ దశలో ఒక్కరోజు పూర్తిగా ఎండినా గుత్తి సగం రాలుతుంది.

ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తే దాన్ని తుడవడం కాదు, కొమ్మ అడుగున చూడండి. పొలుసు పురుగో, పిండినల్లో, చిగురున పేనుబంకో ఉంటుంది. వాటి తీపి విసర్జన మీద ఆ మసి పెరుగుతుంది. చీమలు వాటిని కాపాడతాయి కాబట్టి చీమల దారి తెంపకుండా మందు కొడితే మళ్లీ వస్తాయి. కుండీ ఇటుకల్ని నీళ్ల పళ్లెంలో పెట్టండి (కుండీ అడుగు నీళ్లకి తగలకూడదు). పొలుసు పురుగుని పాత టూత్‌బ్రష్‌తో గీకేసి, వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, ద్రవ సబ్బు ఒక మిల్లీలీటరు కలిపి ఆకు అడుగు తడిసేలా సాయంత్రం కొట్టండి, వారానికోసారి మూడుసార్లు. అన్నభేది కొట్టిన రోజు ఇది కొట్టకండి, నాలుగైదు రోజులు ఎడం ఉండాలి.

---

కొళత్తూరు_మిద్దె:

కత్తిరింపు విషయం ఇప్పుడు అర్థమైంది. ఎర్రవి నాలుగూ ఆగస్టులోపు ప్లాస్టిక్ కుండీల్లోకి మారుస్తాను. ఆఖరి ప్రశ్న: మార్చేటప్పుడు ఏదైనా పోతుందేమోనని ముందుగా కొమ్మలతో పిల్ల మొక్కలు చేసుకోవాలని ఉంది. పసుపు తిరిగిన మొక్క నుంచి కొమ్మ తీయవచ్చా?

---

పూలగుత్తి:

ఇప్పుడే తీయకండి. పసుపు చిగురున్న కొమ్మలో నిల్వ ఆహారం తక్కువ, వేరు పట్టేలోపే ఆకు రాలుస్తుంది. ఐరన్ ఈడీడీహెచ్ఏ పోసి, పచ్చటి ఆకులు రెండు జతలు వచ్చాక తీయండి. జూలై నుంచి సెప్టెంబరు మంచి కాలం.

పువ్వు గానీ మొగ్గ గానీ లేని కొమ్మ, పెన్సిల్ కంటే కాస్త సన్నంగా, కింద గోధుమ రంగు తిరుగుతూ పైన పచ్చగా ఉన్నది కావాలి. పూర్తిగా లేతది కుళ్లుతుంది, పూర్తిగా ముదిరింది నెలల తరబడి కదలదు. 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున కణుపు కిందే ఏటవాలుగా కోయండి. కింది ఆకులు తీసేసి పైన ఒక జత ఉంచి, ఆ ఆకుల్ని కూడా సగానికి కత్తిరించండి. కింది కొసని తడిపి ఐబీఏ ఉన్న వేరు హార్మోన్ పొడిలో అద్ది దులపండి. కడిగిన కోకోపీట్, పెర్లైట్ సమపాళ్ల మిశ్రమంలో ముందే పుల్లతో కన్నం చేసి గుచ్చండి, నేరుగా గుచ్చితే పొడి రాలిపోతుంది. తడపడానికి ఏసీ నీళ్లే వాడండి. పైన పారదర్శకమైన కవరు కప్పి, వెలుతురున్న నీడలో పెట్టి, రోజూ పొద్దున ఒకసారి కవరు తీసి గాలాడనివ్వండి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చిగురు వచ్చిందని లాగి చూడకండి, ఈ మొక్క వేరు లేకుండానే కొమ్మలోని బలంతో చిగురిస్తుంది. అడుగు కన్నంలో తెల్ల వేరు కనిపించాక 4 అంగుళాల కుండీకి మార్చండి. పది గుచ్చితే అయిదారు దక్కినా మంచిదే.

ఖాయంగా ఒక్క మొక్క చాలనుకుంటే గాలి అంటు కట్టండి. పెన్సిల్ మందం కొమ్మకి కొస నుంచి అడుగు కింద ఒక అంగుళం వెడల్పున బెరడు చుట్టూ తీసి, లోపలి జిగురు పొర కత్తితో గీకేయండి, ఆ పొర మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుంటుంది. పై అంచుకి హార్మోన్ పొడి రాసి, పిండిన తడి కోకోపీట్ గుప్పెడు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో బిగించి రెండు పక్కలా కట్టండి. ఎండ తగిలే పక్కైతే పైన వెండి రంగు రేకు కాగితం చుట్టండి. రెండు నెలల్లో వేర్లు కాగితం లోంచి కనిపిస్తాయి. అప్పుడు కట్టు కింద కోసి, కాగితం తీసి, ముద్ద కదలకుండా నాటి, పై ఆకులు సగం తగ్గించండి. తల్లి మొక్కని కుండీ మార్చే రోజుకి అంటు దిగి ఉండాలంటే, జూన్ మొదటి వారంలో కట్టాలి.